దాచమని ఇచ్చినవి

వేలు తీస్తే పోతుంది. అంతే సంగతి. ఫోను అడుగున కేబుల్ దూర్చే చోటు కొల్లేటి నీళ్ళకి తుప్పుపట్టి వదులైపోయింది, కేబుల్ని బొటనవేలితో ఎడమపక్కకి ఒత్తి పట్టుకుంటేనే ల్యాప్‌టాప్ దాన్ని గుర్తుపడుతుంది, వేలు సడలితే టంగుమని మోగి నువ్వెవరో నాకు తెలీదన్నట్టు ఊరుకుంటుంది. అందుకని పెద్దింటమ్మ అరుగు మీద గోడకి వీపానించి, ఒళ్ళో ల్యాప్‌టాప్, దాని అంచున ఫోను, ఫోను మీద వేలు పెట్టుకుని, ఆదివారం పొద్దెక్కినప్పటి నుంచీ కదలకుండా కూర్చుంది. ముక్కు దురదపెడితే భుజానికి రాసుకుంది. వంటింట్లోకి కోడి దూరి బియ్యం డబ్బా ఎక్కితే నోటితో అదిలించింది, అది లెక్కచెయ్యలేదు. తెర మీద పచ్చగీత పాకుతోంది, నత్త నయం. ఆ గీత ఈ కొస నుంచి ఆ కొసకి చేరేలోపు ఫోనులో ఉన్న ఫోటోలూ మాటలూ నంబర్లూ అన్నీ ల్యాప్‌టాప్‌లోకి వచ్చి పడాలి. ఆ తరవాతే ఫోను కంపెనీ వేసిన తాళం తియ్యాలి. తాళం తీసిన క్షణాన ఫోను తన కడుపులో ఉన్నదంతా తుడిచేసుకుంటుంది, ఎవరిదీ అని అడగదు. అప్పుడు ఆ ఖాళీ ఫోనులో కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి. తాడేపల్లిగూడెం జిరాక్స్ షాపులో పనిచేసే పిన్ని కూతురు అనూష నిన్న ల్యాప్‌టాప్ చేతిలో పెడుతూ ఒక్కటే చెప్పింది: ముందు దాచుకో అక్కా, తరవాతే ధైర్యం. ధైర్యం గురించి నాకు చెప్తావేంటే అని నవ్వింది పెద్దింటమ్మ. ఆ ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ చచ్చిపోయింది, కరెంటు ఉన్నంతసేపే దాని ప్రాణం. లంకలో కరెంటు ఎప్పుడు పోతుందో ఎవడికి తెలుసు. ఇప్పుడు నవ్వు రావట్లేదు. బొటనవేలు తిమ్మిరెక్కింది.

ఫోను ముసలిదైపోయిందంట. ఆ మాట అన్నది ఫణికిరణ్, చెరువులు లీజుకి తీసుకున్న భీమశంకరం గారి సూపర్‌వైజరు. చేపలు ప్యాకింగ్ చేసే షెడ్డులో ఐసుపెట్టె ఎక్కి నిలబడి అన్నాడు. సోమవారం నుంచి హాజరు యాప్‌లోనండి, ఎవరి ఫోనులో వాళ్ళు ముఖం చూపించుకోవాలండి, పాత ఫోన్లలో ఈ యాప్ పడదండి, ఏలూరులో మన అయ్యగారి మేనల్లుడి షాపులో కొత్త ఫోన్లున్నాయండి, కూలిలో కొంచెం కొంచెంగా పట్టుకుంటామండి. ఎంత మర్యాద! మాటమాటకీ అండీ తగిలించి ఆ అండీలతోనే మెడకి తాడు పేనుతాడు. ఆడాళ్ళందరూ చేతుల్లో బొచ్చెచేపలూ శీలావతులూ పట్టుకుని, ఐసునీళ్ళు మోచేతుల మీంచి కారుతుంటే, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరి ఫోనుకీ ఏ రోగమూ లేదు. మాట్లాడితే వినపడుతుంది, ఫోటో తీస్తే పడుతుంది. తయారుచేసిన కంపెనీ మాత్రం ఇంక దాని ముఖం చూడనంది, కొత్త సాఫ్ట్‌వేర్ పంపడం మానేసింది, అది మానేసింది కాబట్టి యాప్ పడదు, యాప్ పడదు కాబట్టి హాజరు పడదు, హాజరు పడకపోతే నువ్వు పొద్దుటి నుంచి పొద్దుపోయేదాకా చేపలు తోమినా రానట్టే. నువ్వు కళ్ళెదుట నిలబడి ఉన్నా లేనట్టే! ఇదెక్కడి న్యాయం? పెద్దింటమ్మకి ఒళ్ళు మండింది. ఒళ్ళు మండినప్పుడు ఆమె నోరు ఆమెకంటే ముందు నడుస్తుంది. మా ఫోన్లు మేమే బాగుచేసుకుంటాం, మీ అయ్యగారి మేనల్లుణ్ణి బేరాలు చూసుకోమనండి అనేసింది. ఎలా బాగుచేస్తారండి అన్నాడు ఫణికిరణ్ నవ్వుతూ. ఎలాగో అప్పటికి ఆమెకీ తెలియదు.

తరవాత తెలుసుకుంది. వీడియోలు చూసింది, ఇంగ్లీషువాడి మాట ఒక్కటీ ఎక్కలేదు, వాడి వేళ్ళు చూసింది. ఎక్కడ నొక్కాడు, ఎంతసేపు నొక్కి పట్టాడు, ఏ అక్షరం తరవాత ఏ అక్షరం కొట్టాడు. ఆ అక్షరాలన్నీ తలుపు మీద సుద్దముక్కతో రాసిపెట్టుకుంది, అత్తగారు ఏ దేవుడి మంత్రమే అని అడిగింది, మన దేవుడిదే అంది. అనూష మాత్రం భయపెట్టింది. కొత్తది ఎక్కుతుండగా కేబుల్ ఊడినా, కరెంటు పోయినా ఫోను ఇటుకరాయి అయిపోద్దక్కా, ఇంకెందుకూ పనికిరాదు. ఇంకోటి, తాళం తీసిన ఫోన్లంటే కొన్ని యాప్‌లకి పడదు, బ్యాంకు యాప్ మొరాయించొచ్చు, వాళ్ళ హాజరు యాప్ కూడా మొరాయించొచ్చు, నేను మాటివ్వలేను. మొరాయిస్తే మొరాయించనీ, అప్పుడు అదే షెడ్డులో అదే ఐసుపెట్టె నేనెక్కుతా. కొత్త సాఫ్ట్‌వేర్ ఉన్న ఫోనుని కూడా మీ యాప్ ఒప్పుకోవట్లేదు, మరి తప్పు నా ఫోనుదా మీ యాప్‌దా అని అడుగుతా. పాత ఫోను అనే మాట మాత్రం వాళ్ళ నోట్లోంచి పీకేస్తా. ఈ ఒక్కటీ కుదిరితే మిగతావాళ్ళ ఫోన్లూ వరసగా ఈ అరుగు మీదకే వస్తాయి. కుదరకపోతే రేపు పొద్దున్నే అందరూ ఏలూరు బస్సెక్కుతారు, మేనల్లుడి షాపు ముందు వరస కడతారు, ఆ వరసలో తనూ ఉంటుంది, తల దించుకుని. తల దించుకోవడం తలుచుకుంటేనే వేలు మరింత గట్టిగా ఒత్తుకుంది, తెర మీద గీత ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది. మెల్లిగా, మెల్లిగానే తల్లీ.

గీత కింద పేర్లు పరిగెడుతున్నాయి, ప్రతి ఫోటోకీ ఒక అంకెల తోక, ఏది ఏదో తెలియదు, అయినా తెలుస్తున్నట్టే ఉంది. ఇది గూడబాతులు వచ్చిన రోజుది, ఇది గుర్రపుడెక్కలో పడవ ఇరుక్కుపోయి అందరం దిగి తోసినప్పటిది, ఇది ఆకివీడులో కొన్న చీర బాగుందో లేదో చెప్పమని ఎవరో పంపింది. ఇందులో తనవి ఎన్ని? తక్కువే. చెరువులో వల లాగే రోజున ఆడాళ్ళందరూ నీళ్ళలోకి దిగితే ఒక మనిషి గట్టు మీద ఉంటుంది, ఆమె దిగదు. దిగేవాళ్ళు చెవులవీ ముక్కువీ కాలివేళ్ళవీ తీసి ఆమె కొంగులో ముడేస్తారు, బురదలో జారిపోతే మళ్ళీ దొరకవు కదా. ఆ రోజంతా ఆ కొంగుముడి మీద ఆమె చెయ్యి ఉంటుంది. నీళ్ళలో దిగిన వాళ్ళకంటే ఆమే ఎక్కువ అలిసిపోతుందని అంటారు. పెద్దింటమ్మ అత్త ఇరవై ఏళ్ళు గట్టుమనిషి. ఆ ముడిలో ఏ ముక్కుపుడక ఎవరిదో కళ్ళు మూసుకుని వేళ్ళతో చెప్పేది. ఇప్పుడు పెద్దింటమ్మ ఫోనే ఆ కొంగు. షెడ్డులో ఎవరి ఫోనులోనూ జాగా ఉండదు, చిన్నవీ చవకవీ, రెండు వీడియోలకే నిండిపోతాయి, పెద్దింటమ్మదాంట్లోనే కాస్త ఎక్కువ జాగా ఉంది. వొదినా నీ ఫోనులో పడేస్తున్నా దాచు. అక్కా మా పిల్లదాని సర్టిఫికెట్టు ఫోటో, దాచు. పంపేసి తమ ఫోనులోంచి తీసేస్తారు. ఆమె బొటనవేలి బొమ్మ ఒకటి పంపుతుంది, అంటే దాచానని. అంతే, రసీదు లేదు, మాట చాలు. ఆ మాటంతా ఇప్పుడు ఈ తుప్పుపట్టిన కన్నంలోంచి కారుతోంది. అందరివీ సరే, మాణిక్యం చెయ్యి ఫోటో మాత్రం పోకూడదు. అదొక్కటీ పోకూడదు.

హౌరా వెళ్ళే చేపల లోడు ఎక్కాల్సిన రోజది. లారీ వచ్చి హారన్ కొడుతోంది, ఐసు చాలట్లేదు, గడ్డలు నలగ్గొట్టే మెషీనుకి ఇనపమూత ఉంటే ఒక్కో గడ్డే పడుతుందని మూత విప్పించేశారు, మాణిక్యం చేత్తో తోస్తోంది. అరుపు కూడా రాలేదు. తెల్లటి ఐసు ఎర్రగా బయటికి రావడం పెద్దింటమ్మ కాటా దగ్గర నుంచి చూసింది, చూసి పరిగెత్తింది, తన పైటచెంగే చింపి కట్టింది. చూపుడువేలూ మధ్యవేలూ లేవు. ఎవరో మాణిక్యం ఫోనుతోనే ఫోటో తీశారు, వెనక మూత లేని మెషీను, ముందు చెయ్యి. ఏలూరు ఆసుపత్రి మంచం మీంచి మాణిక్యం దాన్ని పంపింది, వొదినా దాచు అని. ఇప్పుడు భీమశంకరం గారు ఏమంటున్నారు? మా మెషీనుకి మూత ఎప్పుడూ ఉందండి, ఆవిడ ఇంటి దగ్గరే ఎక్కడో చెయ్యి పెట్టుకుని వచ్చిందండి. వచ్చే వారం లేబర్ ఆఫీసులో వాయిదా. అక్కడ బల్ల మీద ఆ ఫోటో పెడితే చాలు, ఆ మూత ఎక్కడుందో ఆయన నోటితోనే చెప్పించొచ్చు.

"ఏవే, కోడి బియ్యంలో పెంట పెట్టింది. లేస్తావా లెగవా?" లోపలి నుంచి అత్త కేక.

"లెగలేను అత్తా. నువ్వే తోలు."

"రాత్రి అన్నం కూడా ఆ పెట్టెలోనే వండు మరి."

వీధిలో బండి ఆగింది. ఫణికిరణ్. ఆదివారం కూడా ఇస్త్రీ చొక్కా, చేతిలో తెల్లటి అట్టపెట్టె. అరుగు కింద చెప్పులు విడిచాడు, అదీ మర్యాదే. పెద్దింటమ్మ లేవలేదు, చెయ్యి ఎత్తలేదు, కొంగు సర్దుకోలేదు. పొగరనుకుంటాడు, అనుకోనీ. లేచి నిలబడితే పొద్దుటి నుంచి చేసిన పని మళ్ళీ మొదటికి వస్తుంది. ఇన్నేళ్ళలో ఇలాంటివాడు వస్తే లేవకుండా కూర్చోవడం ఇదే మొదలు. ఒక తుప్పుపట్టిన కన్నం పుణ్యమా అని కూర్చుని మాట్లాడటం ఎంత సుఖమో తెలుస్తోంది.

"పెద్దింటమ్మగారండీ, అయ్యగారు పంపారండి. మీకోసమేనండి, కొత్తది. కూలిలో కూడా పట్టరండి."

"నాకొక్కదానికేనా?"

"ఆయ్, మీకొక్కరికేనండి. మీరు రేపు ఇది పట్టుకుని షెడ్డుకొస్తే చాలండి. మిగతావాళ్ళు మిమ్మల్ని చూసి వాళ్ళే వెళ్ళి కొనుక్కుంటారు."

"అంటే నేను ఎరనన్నమాట."

"అయ్యో, అంత మాట ఎందుకండి. ఇంతకీ ఏంటండీ ఇది, చార్జింగ్ ఎక్కట్లేదా?" అని అతను మంచికే వంగి కేబుల్ వైపు చెయ్యి చాపాడు.

"చెయ్యి పెట్టావంటే విరుస్తా!"

కోడి వంటింట్లోంచి దానంతట అదే బయటికి పరిగెత్తింది. ఫణికిరణ్ చెయ్యి వెనక్కి తీసుకుని అరుగు చివర కూర్చున్నాడు, పెట్టె ఒళ్ళో పెట్టుకుని. "నేను కూర్చుంటానండి. మీది ఎలాగూ పాడైపోద్ది. అప్పుడు ఇచ్చి వెళ్తాను."

కూర్చో. చూడు. పాడైపోద్దంట. వీడికి ముప్ఫై కూడా ఉండవు, కొల్లేట్లో గట్లు కొట్టేసిన ఏడాది వీడు నిక్కరేసుకుని బడికి వెళ్తుండి ఉంటాడు. అప్పుడామె కొత్తకోడలు. సర్కారు పంపిన పెద్ద పెద్ద మెషీన్లు వచ్చి చెరువుగట్లు తెంచేశాయి, నీళ్ళు నీళ్ళతో కలిసిపోయాయి. సరస్సు సరస్సులా ఉండాలి అన్నారు, మంచిదే, ఉండనీ. కానీ గట్లతో పాటు ఎవరి పొయ్యి ఆరిపోయింది? చెరువులు తవ్వినవాళ్ళది కాదు, వాళ్ళు కొన్నాళ్ళు ఊరుకుని మళ్ళీ వచ్చారు, కొత్త పేర్లతో, కొత్త గట్లతో. ఆరింది వీళ్ళదే. పాతది పనికిరాదు, తీసెయ్యండి, ఖాళీ చెయ్యండి, కొత్తది వస్తుంది. ఎన్నిసార్లు విన్లేదు ఈ మాట! నీళ్ళలో వెదురు మావులు వేసి చేపలు పట్టుకునే మామగారికి ఆ రోజుల్లో ఒక ఆఫీసరు చెప్పాడు, మీ పద్ధతులు పాతవి అని. ఆయన వెదురుబుట్ట బాగుచేసుకుంటూ కూర్చున్నాడు. ఆయన నోరు ఆయనతోనే పోయింది. ఈమె నోరు ఉంది. ఆయన బుట్ట కట్టుకున్నట్టే ఈమె ఫోను కట్టుకుంటుంది, కావాలంటే వందసార్లు విప్పి వందసార్లు కడుతుంది. నా డబ్బులతో కొన్న వస్తువుకి వాడెవడు తాళం వెయ్యడానికి, వీడెవడు ముసలిదనడానికి?

గీత చివరికి చేరింది. టంగుమంది, ఈసారి మంచి చప్పుడే. వేలు తీస్తే వేలు తీసినట్టు లేదు, ఇంకా అక్కడే ఉన్నట్టుంది. దాచుకున్నాక ఒకసారి తెరిచి చూసుకో అక్కా అని అనూష రెండుసార్లు చెప్పింది. తెరిచింది. గూడబాతులు ఉన్నాయి. పడవ ఉంది. చీర ఉంది, బాగోలేదు. పిల్లదాని సర్టిఫికెట్టు, తెల్లగా, అక్షరాలు చదవొచ్చు. మాణిక్యం చెయ్యి. కిందకి జరిపింది. ఇంకా కిందకి. పైకి. లేదు. అది ఏ నెల, వానాకాలం, ఆ నెలవన్నీ ఒక్కొక్కటే చూసింది, లేదు. ఫోను తీసింది, వాట్సాప్‌లో మాణిక్యం పేరు నొక్కింది, వెనక్కి, వెనక్కి, వొదినా దాచు అన్న మాట, దాని మీద ఫోటో. మసక. పొగమంచులోంచి చూసినట్టు ఒక తెల్లటి మచ్చ, మధ్యలో ఎర్ర మచ్చ, దాని మీద కిందకి చూసే బాణం గుర్తు. నొక్కింది. ఈ ఫోటో ఇప్పుడు లేదు, పంపినవాళ్ళని మళ్ళీ అడగండి అంది ఫోను.

డేటా అయిపోతుందని. అంతే. రోజుకి ఇంతే డేటా, సాయంత్రానికి అయిపోతుందని షెడ్డులో ఆడాళ్ళందరూ ఫోటోలు వాటంతట అవి దిగకుండా ఆపేసుకున్నారు, కావాల్సినవి నొక్కి దించుకుంటారు. ఇది నొక్కలేదు. ఎందుకు నొక్కుతుంది, కళ్ళారా చూసినదాన్ని, తన చేత్తో కట్టు కట్టినదాన్ని? బొటనవేలి బొమ్మ పంపింది, దాచానంది. కొంగు విప్పి చూస్తే ముడి ఉంది, లోపల ముక్కుపుడక లేదు. ఒక్క క్షణం అరుగూ వీధీ అన్నీ దూరంగా పోయాయి. ఫణికిరణ్ చూస్తున్నాడని మాత్రం తెలుసు. వీడి ముందా? ఏడవదు. లేచింది. కాళ్ళు పట్టేసి తూలింది, గోడ పట్టుకుని కాలవ అవతలి ఇంటికి వినపడేలా కేకేసింది.

"మాణిక్యం! ఒసేయ్ మాణిక్యం!"

మాణిక్యం గట్టు దిగి చెక్కవంతెన దాటి వచ్చింది, నోట్లో ఇంకా అన్నం ముద్ద. ఫణికిరణ్‌ని చూసి నమస్కారమండి అంది, కుడిచెయ్యి కొంగులోనే ఉంచుకుని.

"నీ చెయ్యి ఫోటో నీ దగ్గరుందా?"

"నీ దగ్గరుందిగా. నేనెప్పుడో తీసేశా."

"నా దగ్గర లేదే." ఫోను మాణిక్యం ముందు పెట్టింది. "దాచానన్నాను. దాచలేదు. దిగలేదు అది."

మాణిక్యం ముద్ద మింగింది. మసక ఫోటో తీసుకుని చూసింది, కంటికి దగ్గరగా పెట్టి చూసింది, దూరంగా పెట్టి చూసింది. పెద్దింటమ్మ తిట్ల కోసం కాచుక్కూర్చుంది, తిడితే బాగుండునని ఉంది. మాణిక్యం ఫోను తిరిగి ఇచ్చేసింది.

"పోతే పోయింది. ఆ రోజు షెడ్లో ఎంతమందిమున్నాం వొదినా? నువ్వు చూశావు. కాటా దగ్గరోళ్ళు చూశారు. ట్రేలు కడిగేవాళ్ళు చూశారు. అందరికీ నోళ్ళు కుట్టేశారా? ఫోటోకి నోరుందా, దాన్ని పట్టుకుని ఇంత ఏడుపు మొహం పెట్టావు?"

"ఫోటో ఉంటే..."

"ఉంటే ఉండేది. లేదుగా. నీ పని కానీ." ఆమె అరుగెక్కి కూర్చుంది. "ఇంతకీ తాళం తీశావా, ఈ బాబుగారి కబుర్లు వింటా కూర్చున్నావా?"

ఆ మాటతో పెద్దింటమ్మ ఒంట్లోకి ఏదో తిరిగి వచ్చింది. నిజమే, ఆ రోజు నుంచీ అందరం ఒక్క బొమ్మని నమ్ముకుని నోళ్ళు మూసుకున్నాం, ఫోటో ఉందిలే, ఫోటో చెప్తుందిలే అని. ఎవరం ఎవరికీ గట్టిగా చెప్పనేలేదు. కూర్చుంది. పక్క బొత్తాలు రెండూ నొక్కి పట్టింది, ఫోను నల్లబడి సన్నటి ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. ఇప్పుడు కేబుల్ ఒకరు పట్టాలి, ల్యాప్‌టాప్ మీద అక్షరాలు ఒకరు కొట్టాలి, ఫోను పక్క బొత్తాం నొక్కాలి. రెండు చేతులు చాలవు. ఎవరినీ అడగలేదు, మాణిక్యమే కొంగులోంచి కుడిచెయ్యి తీసి, ఉన్న బొటనవేలితో కేబుల్ ఒత్తింది. ఎడమపక్కకి అని పెద్దింటమ్మ అంది. తెలుసులే, అన్నేళ్ళు ఐసుగడ్డలు పట్టిన చెయ్యి ఇది, వణకదు అంది మాణిక్యం. పెద్దింటమ్మ తలుపు మీద సుద్దరాత చూసుకుంటూ ఒక్కో అక్షరం కొట్టింది. ఫోను అడిగింది: తాళం తీస్తే అన్నీ పోతాయి, తియ్యమంటావా? పోయేది ఇందాకే పోయింది. నొక్కింది.

నల్లగా అయిపోయింది. చచ్చిందా వొదినా అంటే నోరు మూసుకుని పట్టుకో అంది. కొత్తది ఎక్కడం మొదలైంది, అంకెలు పాకుతున్నాయి, చేపలకి గాలి కొట్టే ఏరేటర్ల హోరు చెరువుల మీంచి వస్తోంది అంటే కరెంటు ఉన్నట్టే, హోరు ఆగితే ఇటుకరాయే. పెద్దింటమ్మ తెర చూడటం మానేసి ఆ హోరు వింటూ కూర్చుంది. ఫణికిరణ్ కూడా ఎందుకో చెరువుల వైపే చెవి పెట్టాడు. మాణిక్యం చెయ్యి రాయిలా ఉంది. చెమట చుక్క ముక్కు చివర వేలాడుతున్నా తుడుచుకోలేదు. అత్త గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

తెర వెలిగింది. తెల్లగా, కొత్త ముఖంతో, ఏ భాష కావాలని అడిగింది. తెలుగు నొక్కింది పెద్దింటమ్మ. లోపల ఏమీ లేదు, ఒక్క నంబరు లేదు, ఊడ్చిన షెడ్డులా ఉంది. ఫణికిరణ్ ముందుకు వంగాడు. "వచ్చేసిందండీ! అయితే మన యాప్ వేసి చూద్దామండి, పడుతుందో లేదో."

"మీ యాప్ రేపు. దానికంటే ముందు పనుంది." కెమెరా తెరిచి వీడియో మీద పెట్టింది. "చెయ్యి చూపించవే."

మాణిక్యం జుట్టు సర్దుకుంది, మూతి తుడుచుకుంది, కుడిచెయ్యి ముఖం పక్కన ఎత్తి పట్టుకుంది. "నా పేరు మాణిక్యం. నేను భీమశంకరం గారి షెడ్డులో పనిచేస్తాను. ఆ రోజు ఐసు మెషీనుకి మూత లేదు. ఎందుకు లేదో చెప్తాను."

అరుగు చివర అట్టపెట్టె కిర్రుమంది. ఫణికిరణ్ లేచి చెప్పుల కోసం కాళ్ళతో వెతుక్కుంటున్నాడు. "నేను వెళ్తానండి, అయ్యగారు చూస్తుంటారు."

పెద్దింటమ్మ ఫోను కదపకుండానే అంది, ఎప్పుడూ లేనంత మెత్తగా, "కూర్చోండి ఫణిబాబుగారండీ. మాణిక్యం అయ్యాక నేను, నా తరవాత మీరే. ఆ మూత విప్పమన్నది మీరేగా అండీ."